రైతు ఉత్పత్తిదారుల సంస్థకు ఇంటర్నెట్ ఫోన్ వ్యవస్థ ఎంపిక: విత్తే వేళ రద్దీయే కొలమానం

పత్తి పండే మండలాలలో జూన్ నెలలో ఒక మంచి వాన కురిసి నేల తడిసిన మరునాటి ఉదయం, రైతు ఉత్పత్తిదారుల సంస్థ కార్యాలయానికి వచ్చినన్ని ఫోన్ కాల్స్ ఆ సంవత్సరంలో మరే రోజునా రావు. విత్తనపు ప్యాకెట్లు మిగిలి ఉన్నాయా, డీఏపీ లారీ వచ్చిందా, విత్తే యంత్రం అద్దెకు దొరుకుతుందా, కంది విత్తనశుద్ధికి మందు ఉందా అన్నవి ఆనాటి ప్రశ్నలు. ఈ ప్రశ్నలన్నీ వచ్చే దారి చాలా సంస్థలలో ఒక్కటే, అది మేనేజరు సొంత సెల్‌ఫోన్. ఆయన ఒకరితో మాట్లాడుతున్నంతసేపు మిగిలిన వారికి ‘బిజీ’ అన్న సమాధానమే వినిపిస్తుంది. రెండు మూడు సార్లు ప్రయత్నించిన రైతు దగ్గరలోని దుకాణానికి వెళ్ళి, అక్కడ ఇచ్చిన విత్తనమే తెచ్చుకుంటాడు. సంస్థ ఒక అమ్మకాన్ని కోల్పోవడం ఇందులో చిన్న నష్టం. వాటాధనం చెల్లించి చేరిన సంస్థ అవసరమైన రోజున పలకలేదన్న భావన సభ్యునిలో నాటుకోవడం పెద్ద నష్టం.

2002లో కంపెనీల చట్టానికి జరిగిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టబద్ధత లభించింది. 2020 ఫిబ్రవరి 29న కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటు పథకాన్ని ప్రారంభించిన తర్వాత మైదాన ప్రాంతాలలో కనీసం 300 మంది సభ్యులతో అనేక సంస్థలు ఏర్పడ్డాయి. ఇవి స్వభావరీత్యా చిన్న వ్యాపారాలే. ఇద్దరు ముగ్గురు సిబ్బంది, ఒక గోదాము, ఒక కంప్యూటరు ఉంటాయి. ఇటువంటి సంస్థలకు సలహా ఇచ్చే కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలను, అగ్రిక్లినిక్‌లు నెలకొల్పదలచిన విద్యార్థులను ఇటీవల తరచుగా ఎదుర్కొంటున్న ప్రశ్న ఇది: ఇంటర్నెట్ ఆధారిత ఫోన్ వ్యవస్థ తీసుకోవచ్చునా, తీసుకుంటే ఏది? అమ్మకందారులు సౌకర్యాల పట్టికతో వస్తారు. ఆ పట్టికను పక్కన పెట్టి, రద్దీ గంటలో ఎన్ని కాల్స్ వస్తాయి, కార్యాలయపు ఇంటర్నెట్ ఎంత నిలకడగా ఉంటుంది, కరెంటు పోతే ఏమవుతుంది, నంబరు ఎవరి ఆధీనంలో ఉంటుంది అన్న నాలుగు ప్రశ్నలతో ఎంపిక మొదలుపెట్టడమే శాస్త్రీయ పద్ధతి.

మాట ప్యాకెట్లుగా మారే తీరు

పాత ల్యాండ్‌లైన్‌లో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపు వారి మధ్య ఒక దారి ఆ ఇద్దరికే కేటాయించబడి ఉండేది. ఇంటర్నెట్ ఫోన్‌లో అటువంటి ప్రత్యేక దారి ఉండదు. స్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్ల అంకెగా మార్చితే సెకనుకు 64 కిలోబిట్ల ప్రవాహం వస్తుంది. ఇది జి.711 అనే ప్రామాణిక కోడెక్ చేసే పని. ఈ ప్రవాహాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు చిరునామా అతికించి పంపుతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు వెళతాయి. చిరునామాల భారం కూడా కలిపితే ఈథర్‌నెట్ మీద ఒక్కొక్క కాల్‌కు ఒక దిశలో సుమారు 87 కిలోబిట్లు అవసరమవుతాయి. జి.729 అనే కోడెక్ స్వరాన్ని 8 కిలోబిట్లకు కుదిస్తుంది. అయినా చిరునామాల భారం తగ్గదు కనుక మొత్తం 31 కిలోబిట్ల వరకు వస్తుంది. గింజ బరువు తగ్గినా సంచి బరువు తగ్గకపోవడం వంటిదే ఇది.

కాల్‌ను మోగించడం, ఎత్తినట్లు తెలియజేయడం, ముగించడం వంటి పనులు ‘సిప్’ అనే సంకేత నియమావళి చూసుకుంటుంది. దాని ప్రస్తుత ప్రమాణం 2002లో వెలువడింది. సంకేతాలు ఒక దారిలో, స్వరం మరొక దారిలో ప్రయాణిస్తాయి. ఫోన్ మోగినా మాట వినిపించకపోవడం, ఒకవైపు మాత్రమే వినిపించడం వంటి ఫిర్యాదులకు మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది. కార్యాలయపు రూటర్ లోపలి చిరునామాలను బయటి చిరునామాలుగా మార్చే క్రమంలో స్వరం దారి తప్పుతుంది. సహాయం చేయడానికని రూటర్లలో ముందే అమర్చిన ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సదుపాయం చాలా సందర్భాలలో ఈ చిక్కును పెంచుతుంది. దానిని ఆపివేస్తే సమస్య తీరిపోవడం సాంకేతిక నిపుణులకు సుపరిచితమే.

రైతు వైపు ఇంటర్నెట్ ఉండవలసిన అవసరం లేదన్న సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. రైతు మామూలు బటన్ ఫోన్ నుంచి మామూలు నంబరుకు కాల్ చేస్తాడు. టెలికాం సంస్థ ఆ కాల్‌ను తన గేట్‌వే వద్ద ప్యాకెట్లుగా మార్చి సంస్థకు అందజేస్తుంది. వాట్సాప్ కాల్‌కూ దీనికీ ఉన్న ప్రధాన భేదం ఇదే. వాట్సాప్ కాల్‌లో ఇద్దరి వద్దా స్మార్ట్‌ఫోన్, డేటా ఉండాలి. వాట్సాప్ తెగులు ఫొటో పంపడానికి ఎంతో అక్కరకు వస్తుంది గాని, సభ్యులందరికీ ఏకైక ప్రవేశ ద్వారం కాజాలదు.

రద్దీ గంట లెక్క

కాలువ సామర్థ్యాన్ని నిర్ణయించేటప్పుడు పంట కాలమంతటి సగటు నీటి అవసరాన్ని ఎవరూ ప్రమాణంగా తీసుకోరు. దమ్ము సమయంలోనో, పొట్ట దశలోనో ఉండే గరిష్ఠ అవసరాన్నే తీసుకుంటారు. ఫోన్ లైన్ల విషయంలో మాత్రం సగటును నమ్మడం పరిపాటిగా మారింది.

600 మంది సభ్యులున్న ఒక సంస్థను ఊహించుకుందాం. పనిదినాలు 300 అనుకుని, ఏడాది పొడవునా రోజుకు సగటున 48 కాల్స్, ఎనిమిది గంటల పనివేళ, ఒక్కొక్క సంభాషణ 3 నిమిషాలు అని భావిద్దాం. గంటకు 6 కాల్స్ చొప్పున 18 నిమిషాల సంభాషణ అవుతుంది. గంటలో లైను నిండి ఉండే భాగం 0.3. ఈ కొలతను ‘ఎర్లాంగ్’ అంటారు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం నేటికీ ఈ రంగంలో ప్రమాణంగా ఉంది. ఆ సూత్రం ప్రకారం 0.3 ఎర్లాంగ్‌కు ఒకే లైను ఉంటే నూటికి 23 కాల్స్, రెండు లైన్లు ఉంటే నూటికి 3 కాల్స్ మాత్రమే దొరకకుండా పోతాయి. రెండు లైన్లు చాలునన్న నిర్ణయం సగటును బట్టి చూస్తే సబబుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు వాన కురిసిన మరునాటి ఉదయం 8 నుంచి 9 గంటల వరకు 40 కాల్స్ వచ్చాయనుకుందాం. 120 నిమిషాల సంభాషణ, అంటే 2 ఎర్లాంగ్‌లు. అదే సూత్రం ఇచ్చే ఫలితాలు ఇలా ఉంటాయి. ఒకే లైను ఉంటే నూటికి 67 కాల్స్ దొరకవు. రెండు లైన్లకు 40, మూడింటికి 21, నాలుగింటికి 9.5, ఐదింటికి 3.7, ఆరింటికి 1.2 చొప్పున దొరకవు. సగటుకు సరిపోయిన రెండు లైన్ల వ్యవస్థ, అత్యవసరమైన రోజున నూటికి నలభై మందిని వెనక్కి పంపుతుంది. వాస్తవంలో పరిస్థితి ఇంకా కఠినంగా ఉంటుంది. దొరకని వ్యక్తి వెళ్ళిపోతాడని ఈ సూత్రం భావిస్తుంది. రైతు మాత్రం వెంటనే మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, దానితో రద్దీ మరింత పెరుగుతుంది.

లైన్లు పెంచినంత మాత్రాన సమస్య పూర్తిగా తీరదు. ఆరు లైన్లు ఉండి మాట్లాడే వారు ఇద్దరే ఉంటే మిగిలిన నలుగురు వరుసలో నిరీక్షించవలసి ఉంటుంది. నిరీక్షణకు సంబంధించిన ఎర్లాంగ్ రెండవ సూత్రాన్ని పై ఉదాహరణకు వర్తింపజేస్తే, 2 ఎర్లాంగ్‌ల రద్దీకి ఇద్దరు సిబ్బంది ఉన్నప్పుడు వరుస ఎప్పటికీ తరగదు, పెరుగుతూనే పోతుంది. ముగ్గురు ఉంటే సగటు నిరీక్షణ సుమారు 80 సెకన్లు, నలుగురు ఉంటే 16 సెకన్లు. ఒక్క మనిషి చేరికతో నిరీక్షణ ఐదో వంతుకు తగ్గుతోంది. ఏడాది పొడవునా నలుగురిని నియమించుకునే స్తోమత సంస్థకు ఉండదు. అందుకే విత్తే వారం రోజులు, కొనుగోలు కేంద్రం నడిచే రోజులు వచ్చినప్పుడు డైరెక్టర్లలో ఇద్దరి ఫోన్‌లను తాత్కాలికంగా వరుసలో చేర్చి, ఆ తర్వాత తొలగించగల వ్యవస్థ కావాలి. ఇంటర్నెట్ ఆధారిత వ్యవస్థ ఇవ్వగల అసలైన ప్రయోజనం ఇదే. ఆకర్షణీయమైన మిగిలిన సౌకర్యాలన్నీ దీని తర్వాతివే.

దొరకని కాల్స్ జాబితా సాయంత్రానికి సిబ్బంది చేతికి అందడం కూడా ఇంతే ముఖ్యం. ఉదయం బిజీగా ఉన్నా, సాయంత్రం ఐదింటికి సంస్థ నుంచే తిరిగి కాల్ వస్తే సభ్యుని అసంతృప్తి చాలావరకు తొలగిపోతుంది. రోజువారీ కాల్స్ లెక్క చేతిలో లేని సంస్థ ముందుగా ఒక సీజను పాటు మేనేజరు సెల్‌ఫోన్‌లోని కాల్ జాబితాను గంటలవారీగా నోటుపుస్తకంలో ఎక్కించుకుంటే చాలు. మట్టి పరీక్ష లేకుండా ఎరువుల మోతాదు చెప్పడం ఎంత సరికాదో, ఈ లెక్క లేకుండా లైన్ల సంఖ్య చెప్పడమూ అంతే.

వేగం కన్నా నిలకడ

ఆరు కాల్స్ ఏకకాలంలో జరిగినా జి.711 పద్ధతిలో ఒక్కొక్క దిశలో 525 కిలోబిట్లకు మించి అవసరం ఉండదు. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ ఉందన్న ధీమా ఇక్కడ అప్రస్తుతం. డేటా ఖర్చు కూడా భయపడవలసినంత ఉండదు. నిమిషం సంభాషణకు రెండు దిశలూ కలిపి సుమారు 1.3 మెగాబైట్లు, రోజుకు 120 కాల్స్ మాట్లాడినా అర గిగాబైటు లోపే.

స్వరానికి కావలసింది ప్యాకెట్లు సమయానికి, సమాన వ్యవధిలో చేరడం. ఒక దిశలో 150 మిల్లీసెకన్ల లోపు జాప్యం ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని, 400 దాటితే సాధారణ ప్రణాళికలో ఆమోదయోగ్యం కాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫారసు చెబుతోంది. భూస్థిర ఉపగ్రహం ద్వారా వచ్చే కనెక్షన్‌లో పైకి, కిందికి ప్రయాణానికే 240 మిల్లీసెకన్లు పడుతుంది. కనుక అటువంటి కనెక్షన్ ఉన్న ఏజెన్సీ గ్రామాలలో ఈ మార్గాన్ని ఎంచుకోకపోవడమే మేలు. జాప్యంలో హెచ్చుతగ్గులు 30 మిల్లీసెకన్లు మించకుండా, ప్యాకెట్ల నష్టం ఒక శాతం మించకుండా ఉండాలన్నది ఆచరణలో పాటించే హద్దు. వెబ్ పేజీ తెరిచేటప్పుడు పోయిన ప్యాకెట్‌ను మళ్ళీ తెప్పించుకోవచ్చు. మాటలో పోయిన అక్షరం తిరిగి వచ్చేసరికి వాక్యమే ముగిసిపోతుంది.

దీనిని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. కార్యాలయపు కంప్యూటరు నుంచి సేవా సంస్థ సర్వర్‌కు సెకనుకు ఒకటి చొప్పున ‘పింగ్’ పంపుతూ వారం రోజులు నమోదు చేస్తే చాలు. గంటకు 3,600 ప్యాకెట్లలో 36 పోతే ఒక శాతం. అయితే ఆ 36 గంటంతటా చెదురుగా పోవడం వేరు, వరుసగా పోవడం వేరు. వరుసగా పోతే అరనిమిషం పైగా మాట ఆగిపోయినట్లే. పట్టభద్ర విద్యార్థులు క్షేత్రానుభవ శిక్షణలో భాగంగా ఈ కొలత చేసిపెడితే సంస్థకు ఎంతో ఉపకారం. కొలత ఏప్రిల్ ఎండలో కాక, గాలివానలు మొదలైన తర్వాత కూడా ఒకసారి చేయాలి. స్తంభాల మీద వేలాడే ఫైబర్ కేబుల్ అసలు స్వభావం అప్పుడే బయటపడుతుంది.

గోదాములోని నిఘా కెమెరాల దృశ్యాలు అదే కనెక్షన్ మీద పైకి వెళుతున్నప్పుడు మాట తెగిపోవడం తరచుగా కనిపించే లోపం. అప్‌లోడ్ మార్గం నిండిపోయి స్వరపు ప్యాకెట్లు వాటి వెనుక చిక్కుకుంటాయి. రూటర్‌లో స్వరానికి ప్రాధాన్యం ఇచ్చే అమరిక చేస్తే ఇది తొలగుతుంది. ఆ అమరిక లేని చవక రూటర్‌ను మార్చడం, కనెక్షన్ వేగం పెంచుకోవడం కన్నా తక్కువ ఖర్చుతో పోతుంది.

కరెంటు పోయినప్పుడు

రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు విద్యుత్తు ఎక్స్ఛేంజి నుంచే, 48 వోల్టుల బ్యాటరీల ద్వారా వచ్చేది. ఊరంతా చీకటిలో ఉన్నా ఫోన్ మోగేది. ఇంటర్నెట్ ఫోన్‌కు ఆ భాగ్యం లేదు. ఫైబర్ పెట్టె, రూటర్, స్విచ్, ఫోన్ పరికరాలు, వీటిలో ఏ ఒక్కదానికి కరెంటు పోయినా కార్యాలయం మూగబోతుంది. గాలివాన వచ్చిన రోజే కాల్స్ ఎక్కువ, ఆ రోజే కరెంటు కోత ఎక్కువ.

ఫైబర్ పెట్టె, రూటర్ కలిపి 12 వాట్లు, నాలుగు ఫోన్ పరికరాలు ఒక్కొక్కటి 4 వాట్లు అనుకుంటే మొత్తం 28 వాట్లు. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిల్వ ఉండేది 84 వాట్-అవర్లు. మార్పిడి నష్టాలు పోగా రెండు గంటలు నడుస్తుంది. కార్యాలయంలో ఇప్పటికే 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే ఈ పరికరాలను దానికి కలపడం ఒక్కటే మిగిలిన పని. ఎలక్ట్రీషియన్‌కు అరపూట పని అది. కార్యాలయపు కనెక్షన్ తెగిన వెంటనే కాల్స్ తమంతట తాము సిబ్బంది సెల్‌ఫోన్‌లకు మళ్ళే ఏర్పాటు కూడా ఉండాలి. ఈ ఏర్పాటు ఉన్నదని అమ్మకందారు చెబితే, అతని ఎదుటే రూటర్ తీగ పీకి బయటి నుంచి కాల్ చేసి చూడాలి.

మూడు మార్గాలు

మొదటి మార్గంలో సేవా సంస్థ డేటా కేంద్రంలో ఒక నంబరు ఉంటుంది. మెనూ, వరుస, కాల్స్ నమోదు అక్కడే జరుగుతాయి. కాల్ మాత్రం సిబ్బంది సెల్‌ఫోన్‌కు మామూలు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా వస్తుంది. దీనిని క్లౌడ్ టెలిఫోనీ అంటున్నారు. కార్యాలయపు ఇంటర్నెట్ తెగినా, కరెంటు పోయినా మాట ఆగదు. సిబ్బంది గోదాములో ఉన్నా, పొలంలో ఉన్నా అందుకోగలరు. ప్రతి కాల్‌కు రెండవ అంచె ఖర్చు సంస్థ భరించవలసి రావడం, సిబ్బంది ఉన్నచోట సిగ్నల్ తప్పనిసరి కావడం దీని పరిమితులు. రెండవ మార్గంలో ఎక్స్ఛేంజి డేటా కేంద్రంలో ఉండి, స్వరం కార్యాలయపు ఇంటర్నెట్ ద్వారా బల్లమీది ఫోన్‌లకు, కంప్యూటర్లకు వస్తుంది. పైన చెప్పిన కొలతలన్నీ దీనికి పూర్తిగా వర్తిస్తాయి. మూడవది కార్యాలయంలోనే సొంత ఎక్స్ఛేంజిని నెలకొల్పుకొని, టెలికాం సంస్థ నుంచి సిప్ ట్రంక్ తీసుకోవడం. 1999లో మొదలైన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక చిన్న కంప్యూటరు మీద ఈ పని చేయగలదు. కాని ఉచిత సాఫ్ట్‌వేర్‌కు నిర్వహణ ఉచితం కాదు. దానిని చూసుకునే మనిషి సెలవులో ఉన్న రోజున చెడిపోతే బాగుచేసే వారుండరు.

మూడు వందల నుంచి వెయ్యి మంది సభ్యులున్న సంస్థకు మొదటి మార్గమే తగినది. నలుగురికి మించి కార్యాలయ సిబ్బంది, రెండు వేర్వేరు సంస్థల కనెక్షన్లు ఉన్నచోట రెండవది ఆలోచించవచ్చు. మూడవది సాంకేతిక సిబ్బంది ఉన్న సమాఖ్యలకు, కళాశాలలకు వదిలివేయాలి. సొంత ఎక్స్ఛేంజిని ఇంటర్నెట్‌కు తెరిచి, సులభమైన పాస్‌వర్డ్‌తో ఉంచితే రాత్రికి రాత్రే దాని ద్వారా విదేశీ కాల్స్ చేసి బిల్లు మోపే మోసాలు ప్రపంచమంతటా జరుగుతున్నాయి. విదేశీ కాల్స్‌ను పూర్తిగా మూసివేయడం, ముందుగా చెల్లించిన మొత్తానికే పరిమితం చేయడం తప్పనిసరి జాగ్రత్తలు.

నంబరు ఎవరిది

విత్తనపు బిల్లు మీద, గోడ మీద, సభ్యుల పాసుపుస్తకం మీద అచ్చయిన నంబరు ఒక ఆస్తి. అది మేనేజరు పేరిట ఉంటే, ఆయన ఉద్యోగం మానిన రోజున సభ్యుల సంబంధాలు కూడా ఆయన వెంట వెళ్ళిపోతాయి. పక్క మండలంలోని వ్యాపారి ఆయనను చేర్చుకుంటే జరిగే నష్టం చెప్పనక్కరలేదు. సేవా సంస్థ ఇచ్చే వర్చువల్ నంబరుతో మరొక రకమైన ఇబ్బంది ఉంది. ఒప్పందం ముగిస్తే నంబరు కూడా పోయే ప్రమాదం ఉంటుంది. మన దేశంలో 2011 జనవరి నుంచి మొబైల్ నంబరును మార్చకుండా కంపెనీ మారే వీలు అంతటా ఉంది. ల్యాండ్‌లైన్ నంబర్లకు ఆ వీలు కలగలేదు. అందువల్ల సంస్థ పేరిట, సంస్థ పత్రాలతో ఒక మొబైల్ నంబరు తీసుకొని దానినే ప్రచురించి, అక్కడి నుంచి కాల్స్‌ను వ్యవస్థకు మళ్ళించడం దూరదృష్టి గల ఏర్పాటు. రేపు సేవా సంస్థను మార్చినా సభ్యునికి తెలిసిన నంబరు మారదు. ఒకేసారి ఎన్ని కాల్స్ అలా మళ్ళుతాయో మాత్రం ముందుగా పరీక్షించాలి. ఒకటి రెండింటికి మించి మళ్ళకపోతే పైన వేసిన ఆరు లైన్ల లెక్క అంతా వృథా అవుతుంది. అటువంటి పరిస్థితిలో వర్చువల్ నంబరునే ప్రచురించి, ఒప్పందం ముగిసినా నంబరు సంస్థకే దక్కేలా రాతపూర్వక షరతు పెట్టుకోవడం మేలు.

1800తో మొదలయ్యే ఉచిత నంబరు తీసుకోవాలన్న ఉబలాటం చాలా మందిలో ఉంది. అపరిమిత కాల్స్ ప్యాకేజీలు వాడే రైతులకు పది అంకెల నంబరుకు కాల్ చేస్తే అదనపు ఖర్చు ఉండదు. ఉచిత నంబరుకు పెట్టే డబ్బును సీజనులో ఒక మనిషిని అదనంగా కూర్చోబెట్టడానికి వెచ్చించడం మెరుగు.

చట్టం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2002 ఏప్రిల్‌లో దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీని పరిమితంగా అనుమతించారు. 2017 అక్టోబరులో ట్రాయ్ చేసిన సిఫారసుల మీదట 2018లో టెలికాం శాఖ, లైసెన్సు గల సంస్థలు ఇంటర్నెట్ ద్వారా మామూలు నంబర్లకు కాల్స్ అందించే మార్గాన్ని స్పష్టపరచింది. లైసెన్సు లేకుండా, సిమ్ కార్డుల పెట్టెలతో చవక నిమిషాలు అమ్మేవారి వద్ద సేవ తీసుకుంటే రైతు సంస్థ కూడా విచారణను ఎదుర్కోవలసి రావచ్చు. నంబరు ఏ లైసెన్సు సంస్థది అన్న ప్రశ్నకు రాతపూర్వక సమాధానం ఇవ్వలేని వారితో ఒప్పందం చేసుకోకూడదు. సభ్యులకు రికార్డు చేసిన సందేశాలను మూకుమ్మడిగా పంపదలచినప్పుడు 2018 నాటి వాణిజ్య సందేశాల నిబంధనలు వర్తిస్తాయి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే వెళ్ళాలి. మామూలు నంబరు నుంచి పంపితే కనెక్షన్ రద్దు కావచ్చు. పురుగుమందు అమ్మకం ప్రకటనను ‘సలహా’ పేరుతో పంపడం నిబంధనల రీత్యానే కాక, విస్తరణ నీతి రీత్యా కూడా తగదు.

మెనూ, మాట, నమోదు

మెనూ పొడుగైతే రైతు ఫోన్ పెట్టేస్తాడు. విత్తనాలు, ఎరువులకు ఒకటి, యంత్రాల అద్దెకు రెండు, పంట సమస్యకు మూడు, మనిషితో మాట్లాడటానికి సున్నా. ఇంతకు మించి అవసరం లేదు. స్వరం ఆ ప్రాంతపు మనిషిది కావాలి. ఆదిలాబాద్ రైతుకు ‘పత్తి గింజలు’ అన్న మాట వెంటనే అందినట్లు ‘నాణ్యమైన కార్పాస బీజములు’ అన్న మాట అందదు. కార్యాలయం మూసిన తర్వాత వచ్చే కాల్‌కు, పంట సమస్య అయితే రాత్రి 10 గంటల వరకు పనిచేసే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 వినిపించవచ్చు. 2004 జనవరి 21న మొదలైన ఆ కేంద్రం తెగులుకు మందు చెప్పగలదు గాని, సంస్థ గోదాములో ఆ మందు ఉందో లేదో చెప్పలేదు. స్థానిక ఫోన్ అవసరం అక్కడే మొదలవుతుంది.

శాస్త్రవేత్తలకు ఈ వ్యవస్థలో మరొక విలువ కూడా ఉంది. ప్రతి కాల్ ముగిసిన తర్వాత సిబ్బంది గ్రామం, పంట, పంట దశ, సమస్య అన్న నాలుగు వివరాలను నమోదు చేస్తే, సీజను చివరకు ఒక విలువైన దత్తాంశం మిగులుతుంది. ఒకే వారంలో నాలుగు పొరుగు గ్రామాల నుంచి మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగు గురించి కాల్స్ పెరిగితే, క్షేత్ర సందర్శన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. పత్తిలో గులాబీ రంగు పురుగు విషయంలో పూత దశ నాటి కాల్స్‌ను, లింగాకర్షక బుట్టలలో పడిన రెక్కల పురుగుల సంఖ్యతో పోల్చి చూడటం విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. కిసాన్ కాల్ సెంటర్ ప్రశ్నలు కేంద్ర ప్రభుత్వ బహిరంగ దత్తాంశ వేదికలో జిల్లాలవారీగా లభిస్తున్నాయి కనుక పోలికకు ఆధారం ఉంది. అయితే కాల్స్ సంఖ్య పురుగు ఉద్ధృతికి సూచికే గాని కొలత కాదు. కాల్ చేసేది ఎక్కువగా ఫోన్ చేతిలో ఉన్న వారు, సంస్థను నమ్మిన వారు. కౌలు రైతులు, ఫోన్ ఇంట్లో మగవారి వద్దే ఉండే కుటుంబాల మహిళా రైతులు ఈ లెక్కలో తక్కువగా కనిపిస్తారు. ఏ గ్రామం నుంచి కాల్స్ రావడం లేదన్నది కూడా పరిశీలించదగినదే.

సంభాషణలను రికార్డు చేసినప్పుడు అప్పులు, కుటుంబ వివరాలు కూడా అందులో చేరుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం నేపథ్యంలో, రికార్డు అవుతున్నదని ముందుగా తెలియజేయడం, అవసరం తీరిన తర్వాత తొలగించడం, పరిశోధనకు వాడేటప్పుడు పేరు, నంబరు తీసివేయడం పాటించాలి.

వ్యవస్థ మార్పిడిని ఫిబ్రవరి, మార్చి నెలలలో చేపట్టడం అనుకూలం. కొత్త నంబరు సభ్యుల నోట పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. మేనేజరు పాత సెల్‌ఫోన్ నుంచి కాల్స్ మళ్ళింపు మరొక పూర్తి వానాకాలం వరకు కొనసాగించాలి. మేలో సభ్యుల సమావేశం రోజున అందరినీ ఒకేసారి కొత్త నంబరుకు కాల్ చేయమని అడిగితే, ఎన్ని లైన్లు మోగాయో, ఎందరికి బిజీ వినిపించిందో అక్కడే తేలుతుంది. ఏడాది ఒప్పందం మీద సంతకం ఆ తర్వాత చేయవచ్చు.